మా అత్త తినని చిప్సు

పోయిన వారం హిందూపురం మార్కెట్లో కూరగాయలు తీసుకుంటూ ఉంటే, గడ్డలమ్మే ఆవిడ నన్ను చూసి బుట్ట అడుగునుంచి కొన్ని బీట్‌రూట్లు ఏరి పక్కన పెట్టింది. చిన్నవి, రాయిలా గట్టివి.

"మీ అత్తకు ఇట్లాటివే గదా కావల్ల. ఆయమ్మ ఈ మధ్య యాడా కనపళ్లేదే. పల్లెలో ఉండాదా, ధర్మవరంలో ఉండాదా?"

మా అత్త పోయి అప్పటికి కొన్ని నెలలైంది. "ఆమె లేదమ్మా" అన్నాను. ఊళ్లో లేదని ఆవిడకు అర్థమైంది. "వచ్చినాంక చెప్పు, మంచి గెనుసుగడ్డ వస్తాదని" అంటూ బీట్‌రూట్లు నా సంచిలో పోసి, ఇంకొకరి బేరంలో పడిపోయింది. నేను మళ్లీ చెప్పలేదు. సంచి పట్టుకొని బయటికొచ్చేశాను.

ఆవిడ అలా అనుకోవడంలో వింతేమీ లేదు. మా అత్త బతికున్న రోజుల్లో కూడా ఆమె ఎక్కడుందని అడిగితే మా ఇంట్లో ఎవరూ తడుముకోకుండా జవాబు చెప్పలేకపోయేవాళ్లం.

ఆమెకు మూడు ఇళ్లు. హిందూపురంలో మేం. మా ఆయన బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు, నేను ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. పెనుకొండ దగ్గర పల్లెలో పొలమూ ఇల్లూ ఉన్నాయి. మామ పోయాక ఆ పొలం ఆమె మరిది చూసుకుంటున్నాడు. ధర్మవరంలో కూతురు, అంటే మా ఆయనకు అక్క, నాకు వదిన. మామ కర్మ అయిపోయాక అందరం కూర్చుని "ఎవరి దగ్గర ఉంటావు?" అని అడిగితే, ఆమె గిన్నెలు సర్దుతూ, "అందరి దగ్గరా" అంది. మర్యాదకు అన్న మాట అనుకున్నాం. కాదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

వచ్చే ముందు ఫోను చేయడం ఆమెకు అలవాటు లేదు. గేటు చప్పుడయ్యేది. ఒక చెప్పు విప్పి, రెండోది కాలికే ఉంచుకొని, గడప దగ్గరనుంచే "అమ్మీ, పాలు కాగినాయా?" అనేది. ఆ రెండో చెప్పు విప్పే లోపల ఊరి సంగతులన్నీ అయిపోయేవి. టీ సింకు పక్కన నిలబడి తాగేది. టీవీ తలుపుకు ఆనుకొని చూసేది. అన్నం తినేటప్పుడు కూడా మధ్యలో లేచి, ఎవరూ అడగని మంచినీళ్లు తెచ్చేది.

"కూర్చో అత్తా" అంటే, "కూకుంటే లేసేదెవరు?" అనేది.

ఒకసారి ఆమెతో ధర్మవరం బస్సులో వెళ్లాను. సగం సీట్లు ఖాళీ. ఆమె డ్రైవరు వెనక కమ్మీ పట్టుకొని నిలబడింది. కండక్టరు కుర్రాడు టికెట్ ఇస్తూ, "అవ్వా, ఇన్ని సీట్లు ఉండాయి గదా, కూకో" అన్నాడు.

"నువ్వు కూకున్నావా?"

"నాది డ్యూటీ అవ్వా."

"నాదీ అంతే పో" అంది.

ఆ డ్యూటీ ఏమిటో అప్పటికి నాకూ తెలియదు. చిప్సు ఆ తర్వాతే మొదలయ్యాయి.

ఆమెకు షుగరు వచ్చింది. పెనుకొండలో డాక్టరు మాత్రలు రాసి, తినకూడనివి చెబుతూ, భూమి లోపల పండే గడ్డలు ముట్టుకోవద్దన్నాడట. వాళ్ల పొలంలో బోరు కింద పండేవే అవి. గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, బీట్‌రూటు, క్యారెట్టు, గట్టు వారన చామగడ్డ. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ గెనుసుగడ్డ ఉడకేసుకొని తిని పెరిగిన మనిషి. డాక్టరు మాట విన్న మర్నాడు ఒక గోనెసంచి నిండా గడ్డలు వేసుకొని మా ఇంట్లో దిగింది. మా ఆయన తల పట్టుకున్నాడు.

"తినొద్దన్నారు గదమ్మా!"

"తినొద్దన్నాడు. చెయ్యొద్దన్లేదు."

కత్తిపీట వేసుకొని కూర్చుంది. ఆమె నిలకడగా కూర్చోగా నేను చూసిందంటే ఆ కత్తిపీట మీదే. అప్పుడు కూడా మోకాలు ఊగుతూనే ఉండేది. తరిగిన చక్రాలు కాగితంలా వచ్చేవి. తీసి వెలుతురుకు అడ్డం పెట్టి చూసేది. అవతలి వైపు తన వేలు కనపడితే సరే, లేకపోతే కూరలోకి.

ఉర్లగడ్డ చిప్సు ఎవరైనా చేస్తారు. ఆమె దాని జోలికి పోలేదు. "అది గంగిరెద్దు. ఎట్ల చెప్తే అట్ల ఇంటాది" అనేది. ఆమె పంతమంతా బీట్‌రూట్ మీద. అందులో నీళ్లెక్కువ, తీపి ఎక్కువ. మంట పెంచితే కరకరలాడక ముందే మాడి చేదెక్కుతుంది, తగ్గిస్తే నూనె తాగి తోలులా సాగుతుంది. మొదటిరోజు చేసినవన్నీ అలాగే సాగాయి. రెండోసారి మాడాయి. ఆ తర్వాత తరిగిన చక్రాలకు ఉప్పు రుద్ది, పాత నూలుచీర పేలికలో మూటగట్టి పిండింది. మిద్దె మీద నీడపట్టున ఆరేసింది. అవి ఆరే లోపల చామగడ్డ చెక్కు తీసి, చింతపండు నీళ్లలో చేతులు కడుక్కొని, గెనుసుగడ్డ తరిగి, మిద్దెక్కి దిగి, మళ్లీ ఎక్కి చూసొచ్చింది. మా వంటగది నేలంతా ఎర్రటి అడుగులు.

చెనిక్కాయ నూనె కాగాక చక్రాలు వదిలేది. బుసబుసమని పొంగేవి. అప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడకూడదు. "నూనె వాగతాంటుంది, ఇను. అది నోరు మూసుకున్నాంక తియ్యల్ల." బుడగలు తగ్గి, చప్పుడు సన్నబడి, ఇక లేదనిపించే క్షణంలో చిల్లుల గరిటె దించేది.

ఒక్కటి కూడా నోట్లో వేసుకునేది కాదు. ఆ పని మాది. మాదే కాదు, వీధి మొత్తానిది. పళ్లెం పట్టుకొని ఎదురింటికి, పక్కింటికి, ఇస్త్రీ బండి దగ్గరికి, మా ఆయన షాపుకు తిరిగేది. తినేవాళ్ల దవడ కదలడం మొదలైనప్పటినుంచి మింగే దాకా కన్నార్పకుండా చూసేది.

"బాగుండాది అత్తా" అన్నాను నేను మొదటిసారి.

"యాడ బాగుండాది?"

"అంటే... మొత్తం బాగుండాది."

"మొత్తం బాగుండేది లోకంలో యాడా ఉండదమ్మీ. ఇంగోటి తిని చెప్పు."

హిందూపురంలో చెప్పింది నమ్మక, మిగిలినవి డబ్బాలో పోసుకొని ధర్మవరం పోయేది. వదిన చెప్పింది నమ్మక, పల్లెకు పోయి మరిదికి పెట్టేది. అతను "ఏముండాది వదినా, బీట్‌రూటే గదా" అనేవాడు. ఆ మాటతో మళ్లీ గోనెసంచి నింపుకొని మా గేటు తీసేది. ఇలా ఆ మూడూళ్ల మధ్య ఎన్ని తిరుగుళ్లు తిరిగిందో. బస్సుల వాళ్లందరూ ఆమె చిప్సు తిన్నవాళ్లే.

ఒకరోజు విసుగొచ్చి అడిగేశాను. "నువ్వు తినవు. అమ్మేదీ లేదు. ఎందుకత్తా ఇంత పని?"

ఆమె కత్తిపీట తుడుస్తూ వెంటనే చెప్పింది. "మీ మామ ఉన్నెప్పుడు నాకు పొద్దు చాల్తా ఉన్లేదు. ఇప్పుడు పొద్దు శానా మిగుల్తాంది. సుమ్నే ఊరికే కూకోనుంటే అది మింద పడతాదమ్మీ."

అంతే. లేచి మిద్దెక్కింది.

ఆ ఎండాకాలంలో ఆమె సాక్సులు తొడగడం మొదలుపెట్టింది. మే నెలలో సాక్సులేమిటని అడిగితే, నేల కాలుతోందంది. వదిన ఇంట్లో అడిగితే ఏసీ చలి అని చెప్పిందట. పల్లెలో ఎవరూ అడిగినట్టు లేదు. నాకెందుకో మనసు ఊరుకోలేదు. ఒకరోజు ఆమె కొంచెం కుంటుతున్నట్టు అనిపించి నిలదీస్తే, "నూనె చుక్క పడిందిలే. ధర్మవరంలో డాక్టరుకు చూపిచ్చినాం. మానతాంది" అంది. మర్నాటికి ఇంట్లో లేదు.

కొన్నాళ్లకు వేరే ఏదో విషయం మీద వదిన ఫోను చేసింది. మాటల మధ్యలో, "అమ్మ కాలు ఎట్లుండాది? మీ డాక్టరు ఏమన్నాడు?" అంది.

"మా డాక్టరేంటి వదినా? మీరే చూపించారట గదా."

"నేను చూపిచ్చలేదే. హిందూపురంలో చూపిచ్చినామని నాకు చెప్పెనే..."

మా ఆయన షాపు మూసేసి పల్లెకు బండి మీద పోయాడు. ఆమె పొలంలో ఉంది. సాక్సు విప్పిస్తే, కాగిన నూనె పడి బొబ్బ లేచిన చోట పుండు లోపలికి దిగి, పక్క వేళ్లు నల్లబడి ఉన్నాయి. షుగరు వల్ల ఆమెకు నొప్పే తెలియలేదు. తెలిసిందల్లా వాసన. దాన్ని ముగ్గురం పట్టుకోకుండా ముగ్గురి మధ్యా తిరిగింది. ఒక ఇంట్లో అనుమానం వచ్చే లోపల ఇంకో ఇంటికి.

బెంగళూరు ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. అడుగు కింద పెడితే పాదమే తీయాల్సి వస్తుందని చెప్పి పంపారు. ధర్మవరంలో వదిన ఇంటికి తీసుకెళ్లాం. మంచం మీద పడుకోబెట్టి, కాలి కింద దిండ్లు పెట్టాం. వంటగదిలో వదిన నా వైపు తిరిగింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మీ ఇంట్లోనే గదా కాలింది. అంత నూనె ముందర ముసలామెను ఇడిసిపెట్టి నువ్వు బడికి పోతావా?"

నేను ఏదో అనబోయాను. అంతలో లోపలి గదినుంచి గట్టిగా వినపడింది.

"నూనె నాది, కాలు నాది. మధ్యలో మీ కొట్లాటేంది? ఎవరన్నా వచ్చి ఈ కిటికీ తెరవండి."

మేం ఇద్దరం ఒకేసారి గదిలోకి వెళ్లి కిటికీ తెరిచాం. అయినా వదిన మనసులో ఆ మాట ఉండిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడిందల్లా మందుల గురించే.

మంచం మీద మా అత్తను చూడటం నా వల్ల అయ్యేది కాదు. ఆదివారాలు పోయేదాన్ని. ఆమె వేళ్లు దుప్పటి అంచు పట్టుకొని సన్నటి మడతలు పెడుతూ ఉండేవి. అంతా మడిచి, విప్పి, మళ్లీ మొదలుపెట్టేది. ఎదురింటి మగ్గం చప్పుడు పొద్దంతా వినపడేది. "వాళ్లకేం, కాళ్లాడతాండాయి" అనేది. మిద్దె మీద ఏముంది, వానొస్తుందా, బస్సు హారను కొట్టింది ఏ ఊరిదో చూడు అనేది. చిప్సు మాట మాత్రం ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం బడిలో ఉండగా వదిన ఫోను. ఏడుపులో మాట తెలియడం లేదు. బట్టలు తీయడానికి మిద్దెక్కి దిగే లోపల అమ్మ మంచం మీద లేదట. వీధంతా వెతికారట. నేను హెడ్మాస్టరుకు చెప్పి, పెనుకొండ మీదుగా పోయే బస్సెక్కాను. ఎందుకు పెనుకొండ అంటే చెప్పలేను. దారి పొడుగునా, ఎదురుగా వచ్చే ప్రతి బస్సులోనూ డ్రైవరు వెనక ఎవరైనా నిలబడి ఉన్నారా అని చూస్తూనే ఉన్నాను.

పెనుకొండ బస్టాండులో ఆమె దొరికింది. స్తంభానికి ఆనుకొని నిలబడి ఉంది. కట్టు కట్టిన కాలికి చీరల కొట్టు కవరు తొడిగి తాడుతో బిగించుకుంది. నన్ను చూసి, నేనేదో ఆలస్యంగా వచ్చినట్టు మొహం పెట్టింది.

"ఆటో పిలుచు. ఈ పొద్దు గెనుసుగడ్డ తవ్వతాండారు."

"అత్తా, అడుగు కింద పెడితే పాదం తీసేస్తారని చెప్పారు గదా!"

"తెలుసు. అందుకే పిలుచు అంటాండా. పాదం ఉన్నెప్పుడే పోవల్ల గదా."

తిట్టాలనిపించింది. చేయి పట్టుకొని వెనక్కి లాక్కుపోవాలనిపించింది. కానీ ఆమె మొహంలో ఇన్ని వారాలుగా లేని రంగు కనపడింది. ముందు వదినకు ఫోను చేసి దొరికిందని చెప్పాను. తర్వాత ఆటో పిలిచాను.

పొలంలో తీగలు కోసి గట్టు మీద కుప్పేశారు. ఆడవాళ్లు పికాసులతో తవ్వి ఎత్తుతున్నారు. ఆమెను చూసి అందరూ పని ఆపేశారు. మరిది పరిగెత్తుకొచ్చాడు. "ఏం వదినా ఇది!" అంటూ ఉండగానే, ఆమె ఆటోలోంచే చెయ్యి చాచింది.

"ఒక గడ్డ ఇయ్యి."

అతను ఇచ్చాడు. ఆమె దాన్ని చీర కొంగుతో తుడిచింది. ఏదో చూస్తుందిలే అనుకున్నాను. కొరికింది. నేను చెయ్యి చాపాను గానీ ఆమె చెయ్యి పట్టుకోలేకపోయాను. కళ్లు మూసుకొని, మెల్లగా, దవడ పక్కలకు తిప్పుతూ నమిలింది. షుగరు వచ్చినప్పటినుంచి ఆమె నోట్లో గడ్డ పడటం అదే మొదలు. ఏడుస్తుందేమో అనుకున్నాను.

కళ్లు తెరిచి మరిది వైపు చూసింది.

"నీళ్లెక్కువ పెట్టినావు."

"ఏంది వదినా?"

"చప్పగుండాది. తవ్వే ముందర నీళ్లు ఆపమని ఎన్నితూర్లు చెప్పల్లప్పా నీకు? దీన్ని ఏయిస్తే ఏమొస్తాది, నా తలకాయ!" అని మిగిలిన ముక్క మడిలోకి విసిరేసింది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. "పా అమ్మీ. బస్సు పోతాది."

కవరు లోపల కట్టు ఎర్రగా తడిసి ఉంది. బస్టాండులో ఆటో దిగేటప్పుడు ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. పెళ్లై ఇన్నేళ్లలో ఆమె బరువు నా మీద పడటం అదే మొదటిసారి. బస్సులో సీటు చూపిస్తే మాట్లాడకుండా కూర్చుంది. ఊరు దాటకముందే నా మీదికి ఒరిగి నిద్రపోయింది. ధర్మవరం దాకా నేను కదల్లేదు.

పాదం దక్కింది. అదృష్టమని డాక్టరన్నాడు. పుండు మానడానికి చాలా కాలం పట్టింది. ఆ తర్వాత మెత్తటి ప్రత్యేకమైన చెప్పులు కొనిచ్చారు, అవి ఇంట్లో కూడా విప్పకూడదన్నారు. పొయ్యి ముందు ఇక ఆమె నిలబడకూడదని మా ఆయన గట్టిగా చెప్పాడు. ఆమె తరిగి ఇచ్చేది, మా ఇంట్లో నేను వేయించేదాన్ని, అక్కడ వదిన. ఇద్దరం చేసినవీ ఆమెకు నచ్చేవి కావు. నాకు తొందరెక్కువట, వదినకు భయమెక్కువట. తిరుగుడు మాత్రం మళ్లీ మొదలైంది. ముందులా కాదు, మెల్లగా.

ఆమె మా ఇంట్లో పోయింది. పొద్దున్నే లేచి తలదువ్వుకొని, సంచి సర్దుకుంది. ఆ రోజు ధర్మవరం పోవాలి, వదినకు ముందే చెప్పింది కూడా. ఫోను చేసి చెప్పడం ఆమె జన్మలో లేదు, ఆ ఒక్కసారి చెప్పింది. నేను టీ తెచ్చేసరికి గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. "గుండెల్లో ఏదో పట్టినట్టుండాది" అంది. మా ఆయన పరిగెత్తి పట్టుకున్నాడు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది.

పొలంలో మామ పక్కనే పెట్టాలని అనుకున్నాం. బండిలో ఆమెను పడుకోబెట్టుకొని హిందూపురం నుంచి బయల్దేరాం. మా ఆయన ముందు, డ్రైవరు పక్కన. నేను వెనక ఆమె దగ్గర. వదిన ధర్మవరం నుంచి బస్సులో వచ్చి పెనుకొండలో రోడ్డు మీద నిలబడి ఉంది. బండి ఆగగానే ఎక్కి, తల్లి మొహం చూసి, నా ఎదురుగా కూర్చుంది. ఏడవలేదు. వేళ్లన్నీ బీట్‌రూట్ రంగులో ఉన్నాయి. చీర మార్చుకోకుండా వచ్చేసింది, కొంగు మీద నూనె మరకలు.

"పొయ్యి ఆపినానా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"అమ్మ వస్తానన్నె గదా. పొద్దన్నే నూనె పెట్టినా. ఒక వాయి ఏసినా. తమ్ముడు ఫోను చేసినాడు. అట్లనే వచ్చేసినా. పొయ్యి ఆపినానో లేదో గుర్తు రాల్యా."

"ఆపే ఉంటావు వదినా."

"గుర్తు రాల్యా" అంది మళ్లీ. లేచి నిలబడబోయింది. బండి కదులుతోంది. పట్టుకొని కూర్చోబెట్టాను. ఆమె ఫోను తీసుకొని ఎదురింటి మగ్గం ఆమె నంబరు చూసి నేనే చేశాను. విషయం చెప్పి, ఒకసారి లోపలికి పోయి చూడమన్నాను. ఫోను స్పీకరులో పెట్టి ఇద్దరి మధ్యా పట్టుకున్నాను. గేటు చప్పుడు, అడుగుల చప్పుడు వినపడ్డాయి.

"ఆపే ఉండాదక్కా. నూనె సల్లారిపోయింది" అంది ఆమె. కొంచెం ఆగి, "ఈడ పళ్లెంలో చక్రాలు శానా ఉండాయి. పిండి ఆరబెట్టినట్టుండారు. వీటిని ఏం చెయ్యమంటావు? పారెయ్యాల్నా?"

వదిన తల్లి వైపు చూసింది. బండి రోడ్డు దిగి పొలం దారిలోకి తిరిగింది. కుదుపులకు ఆమె తల పక్కకు జరగకుండా నేనొక వైపు, వదిన ఒక వైపు చేతులు పెట్టాం.

"పారెయ్యద్దు" అంది వదిన. "మీ ఇంటికి తీస్కపోయి సన్నమంట మింద ఏయించు. వీధిలో ఇంటింటికీ ఇయ్యి."

"ఎవరిచ్చినారని చెప్పల్ల అక్కా?"

అప్పుడు వచ్చింది వదినకు ఏడుపు. ఫోను దగ్గరికి తీసుకొని నేనే చెప్పాను.

"మా అత్త ఇచ్చిందని చెప్పమ్మా. తిని ఎట్లుండాయో చెప్పమను."